రక్తం వచ్చే చోటే తోమాలి

విశాఖపట్నం

చి. శ్రీనుకి అత్త ఆశీస్సులు.

నీ రక్తపరీక్ష కాగితం మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. హెచ్‌బీఏ1సీ 8.2 అని చూశాను. ముప్ఫై ఏడేళ్లకే షుగరేమిటని వదిన దిగులు పడుతోంది. నువ్వేమో ఒక మాత్ర రాసిచ్చారు, వేసుకుంటున్నాను, అక్కడితో అయిపోయిందన్నట్టు మాట్లాడుతున్నావు. మాత్ర, నడక, అన్నం సంగతులు నీ డాక్టరు చూసుకుంటారు, వాటిలో నేను వేలు పెట్టను. మొన్న ఫోన్లో మాటల మధ్య నువ్వు ఇంకొకటి అన్నావు. పళ్లు తోముకుంటుంటే నురగ ఎర్రగా వస్తోందనీ, అందుకే కుడివైపు కింది పళ్లను పెద్దగా ముట్టుకోవడం లేదనీ. అది విన్నాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఉద్యోగమంతా చిగుళ్ల జబ్బులు చూడ్డంలోనే గడిచినదాన్ని. ఆ కాగితంలో అంకెకీ నీ నురగలో ఎరుపుకీ చుట్టరికం ఉందిరా.

ముందు చేయాల్సిన పని చెప్పేస్తాను, మిగతాది తీరిగ్గా చదువుకో. రక్తం వచ్చేచోట తోమడం మానకు. అక్కడే తోము. మెత్తటి బ్రష్‌తో, నెమ్మదిగా, కానీ అక్కడే. ఆరోగ్యంగా ఉన్న చిగురు బ్రష్ తగిలినంత మాత్రాన రక్తం కార్చదు. కారుస్తోందంటే అక్కడ పాచి పేరుకుని చిగురు వాచిందన్నమాట. నువ్వు ఆ చోటు వదిలేస్తే పాచి పెరుగుతుంది, దాంతో వాపు పెరుగుతుంది, వచ్చే వారం ఇంకాస్త ఎక్కువ రక్తం వస్తుంది, నువ్వు ఇంకాస్త భయపడి ఇంకా దూరంగా తోముతావు. మా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది ఈ దారినే నడిచి వచ్చేవాళ్లు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో హరాల్డ్ లోయె అనే నార్వే దేశస్థుడు ఒక ప్రయోగం చేశాడు. ఆరోగ్యమైన చిగుళ్లున్న పన్నెండు మందిని, ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే, పళ్లు తోమడం పూర్తిగా మానేయమన్నాడు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టగానే వారం పది రోజుల్లో అందరికీ మామూలయ్యాయి. చిగుళ్ల వాపుకి కారణం వేడి చేయడమూ కాదు, విటమిన్ లోపమూ కాదు (ఎప్పుడో కొందరికి తప్ప), పళ్ల అంచున పేరుకునే పాచే అని దాంతో తేలిపోయింది. ఆ దశలో ఉంటే నీది నీ చేతిలోనే ఉంది.

ఆ దశ దాటిందా లేదా అన్నదే నాకు పట్టుకున్న బెంగ. పాచిని రోజూ తీయకపోతే ఉమ్మిలోని సున్నంతో కలిసి గట్టిపడి గార అవుతుంది. కింది ముందుపళ్ల వెనకాల నాలుకతో తడిమి చూసుకో, గరుకుగా తగిలేది అదే. లాలాజలం ఊరే నాళాలు అక్కడే తెరుచుకుంటాయి కాబట్టి గార ముందు అక్కడే పడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక ఏ బ్రష్షూ ఏ పేస్టూ దాన్ని కదిలించలేవు. గార చిగురు కిందికి దిగిందంటే చిగురు పన్నుని పట్టు విడుస్తుంది. మధ్యలో సంచిలాంటి ఖాళీ ఏర్పడుతుంది, పాకెట్ అంటాం. దాని అడుగున గాలి ఆడదు. గాలి అక్కర్లేని సూక్ష్మక్రిములు అక్కడ స్థిరపడతాయి. వాటితో పోరాడే క్రమంలో మన ఒళ్లే పన్ను చుట్టూ ఉన్న ఎముకని కరిగించుకుంటుంది. గట్టు కోసుకుపోయిన చెట్టులాగా పన్ను కొన్నేళ్లు నిలబడే ఉంటుంది, ఆ తర్వాత కదలడం మొదలవుతుంది. పోయిన ఎముక మామూలుగా తిరిగి రాదు.

ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు, చూడు, దానితోనే వస్తుంది చిక్కంతా. పిప్పి పన్ను అర్ధరాత్రి లేపి కూర్చోబెడుతుంది, చిగుళ్ల జబ్బు అలా లేపదు. ఆ లోయె గారే 1970లో శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కూలీల నోళ్లు పరీక్షించి, పదిహేనేళ్ల పాటు మళ్లీ మళ్లీ వెళ్లి చూశారు. వాళ్లకి బ్రష్షులూ డాక్టర్లూ ఎరుకలేదు. విచిత్రమేమిటంటే పిప్పిపళ్లు దాదాపు లేవు. అయినా ఓ 8 శాతం మందికి జబ్బు ఎంత వేగంగా ముదిరిందంటే నలభై ఐదేళ్లకే పళ్లన్నీ ఊడిపోయాయి. 81 శాతం మందికి నెమ్మదిగా ముదిరింది. 11 శాతం మందికి మాత్రం చిగుళ్లు వాచాయి తప్ప ఎముక కదల్లేదు. ఒకే పని, ఒకే తిండి, ఒకే పాచి, మూడు రకాల మనుషులు. పాచి ఎంత ఉందన్నదొక్కటే కాదు, దానికి ఒళ్లు ఎలా ఎదురుతిరుగుతుందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఆ ఎదురుతిరిగే తీరుని చెడగొట్టేవాటిలో పొగాకు ఒకటి, షుగరు ఇంకొకటి.

ఇక నీ సంగతికి వస్తాను. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో, గిలా నది ఒడ్డున పీమా అనే ఆదివాసులున్నారు. వాళ్లలో షుగరు చాలా ఎక్కువ. దశాబ్దాల పాటు వైద్యులు వాళ్ల ఆరోగ్యాన్ని గమనిస్తూ వచ్చారు, నోళ్లతో సహా. షుగరున్నవాళ్లకి చిగుళ్ల జబ్బు వచ్చే అవకాశం లేనివాళ్లకంటే దాదాపు మూడు రెట్లని తేలింది. అందులో ఆశ్చర్యం లేదు. రక్తంలో చక్కెర ఎక్కువైతే క్రిముల మీదికి వెళ్లాల్సిన తెల్లకణాలు మందకొడిగా మారతాయి, సన్నటి రక్తనాళాలు పాడవుతాయి, ఉమ్మి తగ్గి నోరు ఎండుతుంది, ఏ గాయమూ త్వరగా మానదు. 1993లో లోయె గారు చిగుళ్ల జబ్బుని షుగరు తెచ్చే ఆరో ఉపద్రవం అన్నారు. కళ్లు, మూత్రపిండాలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండ్లు, ఆ వరసలో ఇదీ. నీ డాక్టరు కళ్లు పరీక్షించుకోమనీ, కాళ్లు చూసుకోమనీ చెప్పే ఉంటారు. నోరు తెరవమన్నారా? అని ఉండరు. వాళ్లని తప్పుపట్టను, అరవైమంది బయట కూర్చుని ఉంటారు. కానీ దంతవైద్యం వేరే ఇల్లూ మిగతా వైద్యం వేరే ఇల్లూ అయిపోవడం వల్ల మధ్యలో నలిగేది నీలాంటివాళ్లే.

ఇదే పీమావాళ్లలో ఇంకోటి బయటపడింది. మొదట్లో చిగుళ్లు బాగా పాడైనవాళ్లకి, తర్వాతి సంవత్సరాల్లో షుగరు అదుపు తప్పడం ఎక్కువగా కనిపించింది. అంటే దారి రెండువైపులా ఉంది. జ్వరమొచ్చినా కాలి మీద పుండు చీము పట్టినా షుగరు పెరుగుతుందని నీకు ఈపాటికి చెప్పే ఉంటారు. ఒంట్లో ఎక్కడ వాపు రగులుతున్నా దాన్నుంచి పుట్టే రసాయనాలు రక్తంలోకి చేరి ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. చిగుళ్లలో పుండు కనపడదు, అంతే తేడా. నోరంతా జబ్బుపడితే పచ్చిగా ఉన్న చోటంతా కలిపి అరచేయి అంత ఉంటుందని ప్రచారంలో ఉంది. జాగ్రత్తగా లెక్కకట్టినవాళ్లు 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లన్నారు. అరచేయి కాకపోయినా తక్కువేం కాదు. అంత పుండు నీ మోకాలి మీద ఏళ్ల తరబడి ఉంటే ఊరుకుంటావా?

మరి చిగుళ్లు బాగుచేస్తే షుగరు తగ్గుతుందా? కొంత తగ్గుతుంది. ముప్ఫైకి పైగా పరీక్షల ఫలితాలని కలిపి కాక్రేన్ సంస్థ 2022లో లెక్క వేసింది. చికిత్స చేసిన మూడు నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ సగటున 0.43 తగ్గింది. నీ 8.2 ఎకాయెకి 6 అవుతుందని కాదు, మాత్ర మానేయొచ్చని అంతకంటే కాదు. కానీ కొత్తగా ఒక మందూ మింగకుండా అంత దిగడం నాకు తక్కువగా అనిపించదు. 2013లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్షలో మాత్రం ఏమీ తగ్గలేదు. దాన్ని విమర్శించినవాళ్లు అడిగిన ప్రశ్న నాకు నచ్చింది: చికిత్స తర్వాత కూడా ఆ రోగుల నోళ్లలో పాచీ రక్తమూ చాలానే మిగిలాయి కదా, బాగుపడని చిగురు షుగరునేం బాగుచేస్తుంది? కాబట్టి పైపైన పళ్లు మెరిపించి పంపేస్తే లాభం లేదు, చిగురు అడుగుదాకా శుభ్రం కావాలి.

గుండె సంగతి కూడా అడుగుతావు, ఎందుకంటే నీ ఆఫీసువాళ్ల గ్రూపులో "చిగుళ్లలో రక్తం గుండెపోటుకి సూచన" అని ఎవరో పెట్టారని చెప్పావు. ఇక్కడ కాస్త ఆచితూచి మాట్లాడాలి. 1989లో ఫిన్‌లాండ్‌లో గుండెపోటు వచ్చినవాళ్ల నోళ్లనీ రానివాళ్ల నోళ్లనీ పోల్చి చూస్తే, వచ్చినవాళ్ల నోళ్లు ఎక్కువ పాడై ఉన్నాయి. అప్పట్నుంచీ అలాంటివి చాలా వచ్చాయి. అయితే సిగరెట్టు గుండెనీ చిగురునీ రెంటినీ పాడు చేస్తుంది, షుగరూ అంతే, పేదరికమూ అంతే. ఏది దేనికి కారణమో విడదీయడం కష్టం. 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ అన్నీ పరిశీలించి, రెండింటికీ సంబంధం ఉంది, కానీ ఇదే దానికి కారణమని రుజువు లేదు, చిగుళ్ల చికిత్స గుండెపోటుని ఆపుతుందనీ రుజువు లేదు అని చెప్పింది. 2007లో 120 మంది మీద చేసిన ఒక పరిశీలన నాకు ఇప్పటికీ గుర్తు. లోతుగా క్లీనింగ్ చేసినవాళ్లకి మర్నాడు రక్తనాళాల సాగే గుణం తగ్గింది, ఆరు నెలలకి మామూలు చికిత్సే అందినవాళ్లకంటే మెరుగైంది. ఏదో సంబంధం ఉందనడానికి అది చాలు, భయపెట్టడానికి చాలదు. గుండె కవాటం మార్చినవాళ్ల సంగతి వేరు. నోట్లోంచి రక్తంలోకి చేరిన క్రిములు ఆ కవాటం మీద కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది, అందుకే వాళ్లకి పన్ను తీసేముందు యాంటీబయాటిక్ ఇస్తాం. అలాంటివాళ్లు నీకు తెలిసి ఎవరైనా ఉంటే, డెంటిస్టు కుర్చీలో కూర్చునే ముందు ఆ మాట చెప్పమను.

భయపెట్టడం అన్నాను కదా, దానికో చరిత్ర ఉంది. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ డాక్టరు కెనడాలో మాంట్రియల్‌లో ప్రసంగిస్తూ, సవాలక్ష జబ్బులకి మూలం కుళ్లిన నోళ్లేనన్నాడు. తర్వాత పాతికేళ్ల పాటు కీళ్లనొప్పులొచ్చినా అజీర్తి చేసినా పళ్లు పీకేశారు. న్యూజెర్సీలో ట్రెంటన్ పిచ్చాసుపత్రిని నడిపిన హెన్రీ కాటన్ మతి చలించిన రోగుల పళ్లు వరసబెట్టి పీకించాడు. అక్కడితో ఆగక పేగులు కూడా కోయించాడు, ఎంతోమంది చనిపోయారు. నోటికీ ఒంటికీ సంబంధముందన్న మాటే దాని తర్వాత చాలాకాలం నగుబాటైపోయింది. ఇప్పుడు మళ్లీ గాలి ఆ వైపు తిరిగింది. మతిమరుపు జబ్బుకీ చిగుళ్ల క్రిమికీ ముడిపెడుతూ 2019లో ఒక పరిశోధన వచ్చింది, పత్రికలన్నీ గంతులేశాయి. ఆ క్రిమిని దెబ్బతీసే మందుని పరీక్షిస్తే 2021లో అది పనిచేయలేదని తేలింది. ఆ ముచ్చట చాలామంది రాయలేదు. కాబట్టి ఎవరైనా నీ చిగుళ్లు చూసి గుండె, మెదడు, కీళ్లు అని జాబితా చదివి లక్షల రూపాయల ప్యాకేజీ చేతిలో పెడితే నమస్కారం పెట్టి బయటికొచ్చేయ్.

కోడలమ్మాయికి ఐదో నెలని విన్నాను, సంతోషం. తనకీ చిగుళ్లు వాచి ఉంటే కంగారు పడొద్దని చెప్పు, గర్భంతో వచ్చే హార్మోన్ల మార్పుకి కొద్దిపాటి పాచి ఉన్నా చిగురు ఎక్కువగా వాస్తుంది. చిగుళ్ల జబ్బుంటే కాన్పు నెలలు నిండకుండా వస్తుందని 1996 నుంచి ఒక మాట ఉంది. 2006లో ఎనిమిది వందలమందికి పైగా గర్భిణుల మీద చేసిన పరీక్షలో, చికిత్స చేయడం వల్ల ముందస్తు కాన్పులేం తగ్గలేదు, కానీ తల్లికీ బిడ్డకీ ఏ హానీ జరగలేదు. కడుపుతో ఉన్నప్పుడు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లకూడదన్న మాట మీ అత్తగారు అంటే ఈ సంగతి చెప్పు. ఇప్పుడు ఐదో నెల కాబట్టి క్లీనింగ్‌కి అనువైన సమయం కూడా.

నీకు ఇంకో సంగతి. సిగరెట్లు మానేశానన్నావు, మానిన తర్వాతే ఈ రక్తం మొదలైందన్నావు, "కాల్చినన్నాళ్లూ బాగానే ఉన్నాయి అత్తా" అని నవ్వావు. బాగా లేవురా, కనపడలేదంతే. పొగాకు చిగుళ్లలో రక్తనాళాలని బిగిస్తుంది, జబ్బున్నా రక్తం రాదు, ఎర్రబడదు. పొగ మానిన కొన్ని వారాలకి రక్తం తిరిగి ఆడడం మొదలై అసలు రూపం బయటపడుతుంది. శ్రీకాకుళం వైపు మన ముసలమ్మలు నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేవాళ్లు. వాళ్ల అంగిట్లో పుండ్లూ కేన్సర్లూ చూస్తూ పెరిగిన డాక్టర్లం మేము. చుట్టయినా సిగరెట్టయినా ఖైనీ అయినా నోటిని వదిలిపెట్టవు. కాబట్టి రక్తం కనిపించిందని మళ్లీ ఆ పెట్టె తెరవకు.

తోమే పద్ధతి చెప్తాను. బ్రష్‌ని పన్నూ చిగురూ కలిసే గీత మీద వాలుగా ఆనించి, చిన్నచిన్నగా కదిలించు. పళ్ల వెడల్పున రంపం కోసినట్టు లాగితే చిగురు అరిగి కిందికి జారుతుంది, మధ్యలో పాచి అలాగే ఉంటుంది. రెండు నిమిషాలు, రోజుకి రెండుసార్లు. రెండిట్లో ఒకటే కుదిరితే రాత్రిది ఎంచుకో, నిద్రలో ఉమ్మి తగ్గుతుంది. పళ్ల సందుల్లోకి మామూలు బ్రష్ ఏదీ పోదు. సందు పెద్దదైతే సీసాలు కడిగే బ్రష్ ఆకారంలో బుల్లి బ్రష్షులు మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, ఇరుకైతే ఫ్లాస్ దారం. నానమ్మ పందుంపుల్ల గురించి నువ్వు అడిగితే నాకేం అభ్యంతరం లేదు, వేపపుల్ల బాగా నమిలితే పై అంచులు శుభ్రమవుతాయి, కానీ వెనక దవడ పళ్ల లోపలివైపు అది అందదు. బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఎర్రపొడులు మాత్రం వద్దు, పన్ను అరిగిపోతుంది. పళ్లపొడుల్లో పేస్టుల్లో పొగాకు కలపడాన్ని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. విడిగా పొగాకు పొడి కొని చిగుళ్లకి రుద్దుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, అది జబ్బుని కప్పిపుచ్చి మరింత పెంచుతుంది.

డెంటిస్టు దగ్గరికి ఈ నెల్లోనే వెళ్లు. ప్రైవేటులో ఖర్చనిపిస్తే హైదరాబాదులో అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉంది, పొద్దున్నే వెళ్తే పని అవుతుంది. వెళ్లగానే షుగరుందని చెప్పు, తాజా రిపోర్టు చూపించు. పన్ను పన్నుకీ ప్రోబ్ పెట్టి పాకెట్లు కొలవమను. మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిదే, నాలుగూ ఐదూ దాటినచోట్ల లెక్క రాసి ఇమ్మను, ఎముక ఎంత తగ్గిందో ఎక్స్‌రే తీసి చెప్పమను. కొలవకుండానే అద్దంలో చూసి "క్లీనింగ్ చేసేద్దాం" అనేచోట కూర్చోకు. పాకెట్లు లోతుగా ఉంటే మామూలు స్కేలింగ్ చాలదు, మత్తిచ్చి వేరు వెంట శుభ్రం చేయాలి, రెండు మూడు సార్లు పిలుస్తారు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మీ మామయ్య చెప్తాడు, వినకు. అప్పటికే ఎముక పోయి ఉంటుంది, గార అట్టకట్టి పళ్లని పట్టుకుని ఉంటుంది, అది తీశాక నిజంగా ఉన్న కదలిక తెలుస్తుంది. వాపు దిగి చిగురు కిందికి వెళ్లడం వల్ల సందులు కూడా కనిపిస్తాయి. కొన్నాళ్లు చల్లనీళ్లకి జివ్వుమంటుంది, తగ్గుతుంది. పరగడుపున వెళ్లకు, టిఫిన్ తిని మాత్ర వేసుకునే వెళ్లు. ఆ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి చూపించుకోవాలి, ఒక్కసారితో వదిలేసే జబ్బు కాదు ఇది.

మీ అమ్మ గురించి రెండు ముక్కలు. ముందుపళ్ల మధ్య చిగుళ్లు బుడిపెల్లా పెరిగి పళ్ల మీదికి పాకుతున్నాయని మొన్న తనే చెప్పింది, నొప్పి లేదు కదా అని ఊరుకుంది. బీపీకి ఏ మాత్ర వాడుతోందో చూడు. ఆమ్లోడిపిన్ అయితే కొందరిలో చిగుళ్లు అలా పెరుగుతాయి, పాచి ఉంటే మరీనూ. మూర్ఛకి వాడే ఫెనిటోయిన్‌తోనూ అంతే. తనంతట తను మాత్ర ఆపేస్తే ప్రమాదం, బీపీ డాక్టరుకి చెప్పి వేరేది మార్చుకోవచ్చేమో అడగాలి, ఈలోగా శుభ్రం చేయించుకోవాలి. రక్తం పలచబడే మాత్ర కూడా వేసుకుంటోందేమో కనుక్కో, క్లీనింగ్ కోసమని అదీ సొంతంగా ఆపకూడదు. మంచంలో ఉన్న తాతయ్య నోరు కూడా రోజూ తుడిపించండి, కట్టుడుపళ్లు రాత్రిపూట తీసి కడిగి పెట్టండి. ముసలివాళ్ల నోరు శుభ్రంగా ఉంచితే నిమోనియాలు తగ్గాయని జపాన్ వృద్ధాశ్రమాల్లో చూశారు. చిగుళ్లకీ ఒంటికీ సంబంధముందనే మాటల్లో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించే వాటిలో అదొకటి.

వదిన మాత్రల చీటీ ఫోటో తీసి నాకు పంపు. నీ పాకెట్ల లెక్క కాగితం కూడా. మూడు నెలల తర్వాత షుగరు పరీక్ష చేయించుకున్నప్పుడు ఆ అంకె నాకు చెప్పు, తగ్గినా తగ్గకపోయినా. అమ్మాయికి నా దీవెనలు.

ఇట్లు,
మీ అత్త